కాస్మాలజీ టెలిస్కోపులు కట్టేవాళ్లు చేసేది ఫిజిక్సా, ఇంజినీరింగా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నారు. విశ్వం ఎలా మొదలైందన్న పరిశోధనలోకి రావాలని ఉంది. సమీకరణాల కన్నా ల్యాబ్ పనే మనసుకు పడుతోంది. కానీ టెలిస్కోపు పరికరాల వైపు వెళ్తే బోల్టులు బిగిస్తూ, వైర్లు సోల్డర్ చేస్తూ ఉండిపోతామేమో, అసలు ఫిజిక్స్ ఇంకెవరో చేస్తారేమో అని సందేహం. నేను పీహెచ్‌డీ రోజుల నుంచి మిల్లీమీటర్ తరంగాల టెలిస్కోపుల మీదే పనిచేస్తున్నాను. మొదట క్రయోస్టాట్లు (డిటెక్టర్లను అతి చల్లగా ఉంచే వాక్యూమ్ పాత్రలు), తర్వాత డిటెక్టర్లు, ఈమధ్య ఎక్కువగా డేటా విశ్లేషణ. మీకొచ్చిన సందేహం ఈ దారిలోకి వచ్చే చాలామందికి వస్తుంది కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

బోల్టులు బిగిస్తాం, చాలానే బిగిస్తాం. అయితే విశ్వం గురించి ఏ మాట నమ్మకంగా చెప్పగలం, ఏది చెప్పలేం అన్నది ఈ రంగంలో ఎక్కువగా అక్కడే తేలిపోతుంది. ఇందుకు మంచి ఉదాహరణ ఈ రంగం పుట్టిన తీరే.

అమెరికాలోని న్యూజెర్సీలో బెల్ ల్యాబ్స్‌ వాళ్లకి హోమ్‌డెల్ దగ్గర కొమ్ము ఆకారపు పెద్ద యాంటెన్నా ఉండేది. ఎకో ఉపగ్రహం సంకేతాలు అందుకోవడానికి కట్టింది. ఎడ్వర్డ్ ఓమ్ అనే ఇంజినీరు ఆ వ్యవస్థను జాగ్రత్తగా కొలిచి 1961లో ప్రచురించారు. యాంటెన్నాకు అందే శక్తిని ఈ రంగంలో ఉష్ణోగ్రతగా చెప్పుకుంటాం. గాలి, నేల, రిసీవర్ ఒక్కొక్కటి ఎంత చేరుస్తాయో లెక్కగట్టి కూడితే 18.9 కెల్విన్ రావాలి. కొలిస్తే 22.2 వచ్చింది. మూడు కెల్విన్లకు పైగా తేడా! కానీ అంచనాల్లో అనిశ్చితి కూడా ఇంచుమించు అంతే ఉంది కాబట్టి ఆ తేడాకు ఎవరూ అర్థం వెతకలేదు. మూడేళ్ల తర్వాత అదే యాంటెన్నా దగ్గరికి ఆర్నో పెన్జియాస్, రాబర్ట్ విల్సన్ వచ్చారు. ద్రవ హీలియంతో చల్లబరిచిన ఒక ప్రమాణాన్ని తయారుచేసుకుని, యాంటెన్నా నుంచి వచ్చే శక్తిని దానితో మార్చి మార్చి పోల్చారు. రివెట్లు కొట్టిన అతుకుల మీద అల్యూమినియం టేపు అంటించి చూశారు. యాంటెన్నా లోపలంతా శుభ్రం చేశారు. ఇక పరికరంలో అనుమానించడానికి ఏమీ మిగలని దశకు వచ్చాక కూడా 3.5 కెల్విన్లు అదనంగా మిగిలాయి. అది విశ్వం తొలినాళ్ల వేడి నుంచి మిగిలి, ఆకాశమంతా నిండి ఉన్న మైక్రోవేవ్ నేపథ్య వికిరణం. 1965లో ప్రచురించారు, 1978లో నోబెల్ వచ్చింది. ఓమ్ చూసిన ఆకాశం, వీళ్లు చూసిన ఆకాశం ఒకటే. యాంటెన్నా కూడా ఒకటే. తేడా అంతా ఆ హీలియం ప్రమాణంలో, ఆ టేపులో ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ టేపు అంటించడం ఇంజినీరింగా, ఫిజిక్సా?

రెండో ఉదాహరణ అదే వికిరణాన్ని కొలిచిన కోబ్ ఉపగ్రహం, ముఖ్యంగా అందులోని ఫిరాస్ అనే స్పెక్ట్రోమీటర్. నా అభిప్రాయంలో ఈ రంగంలో ఇంతవరకు వచ్చిన అందమైన పరికరం అదే. జాన్ మేథర్ 1974లో, పీహెచ్‌డీ అప్పుడే ముగించి, దాన్ని ప్రతిపాదించారు. అంతకుముందు ఆయన పీహెచ్‌డీ కోసం చేసిన బెలూన్ ప్రయోగం మొదటిసారి ఎగిరినప్పుడు పనిచేయలేదు. ఫిరాస్ రూపకల్పనలో ప్రాణం లాంటి భాగం ఒక నల్లటి శంకువు. దాని ఉష్ణోగ్రతను కావలసినట్టు మార్చవచ్చు. కక్ష్యలో ఉండగానే దాన్ని పరికరం నోట్లోకి దించితే ఆకాశం పూర్తిగా కప్పుకుపోయి, దాని స్థానంలో మనకు క్షుణ్ణంగా తెలిసిన ఒక కృష్ణవస్తువు, అంటే తన ఉష్ణోగ్రతను బట్టి మాత్రమే వికిరణం వెదజల్లే వస్తువు, వస్తుంది. ఆకాశాన్ని చూడ్డం, శంకువును చూడ్డం, రెంటినీ పోల్చడం, అంతే. 1986లో ఛాలెంజర్ ప్రమాదం తర్వాత స్పేస్ షటిల్‌లో వెళ్లే దారి మూసుకుపోయింది. డెల్టా రాకెట్‌లో పట్టేలా ఉపగ్రహం బరువును దాదాపు సగానికి దించి మళ్లీ రూపొందించారు. 1989 నవంబర్‌లో ఎగిరింది. 1990 జనవరిలో, కేవలం తొమ్మిది నిమిషాల డేటాతో గీసిన వర్ణపటాన్ని అమెరికా ఖగోళ సంఘం సమావేశంలో చూపిస్తే సభంతా లేచి చప్పట్లు కొట్టింది. అంత కచ్చితమైన కృష్ణవస్తు వక్రం అది. తొమ్మిది నిమిషాల డేటా వెనక పదిహేనేళ్ల పని ఉంది. ఈ వృత్తిలో కాలం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే ఈ ఒక్క నిష్పత్తి గుర్తుపెట్టుకోండి.

ఇక మా పని సంగతి. ఇప్పుడు మేం కొలిచే సంకేతాల పరిమాణం చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. ఆ నేపథ్య వికిరణం సగటు ఉష్ణోగ్రత 2.725 కెల్విన్. దిక్కును బట్టి అందులో వచ్చే హెచ్చుతగ్గులు లక్షలో కొన్ని వంతులు, అంటే పదుల మైక్రోకెల్విన్లు. ఆ వికిరణపు ధ్రువణం, అంటే తరంగాలు ఒక దిశలో ఎక్కువగా కంపించడం, కొన్ని మైక్రోకెల్విన్లు. విశ్వం మొట్టమొదటి క్షణాల్లో గురుత్వ తరంగాలు పుట్టి ఉంటే, అవి ఆ ధ్రువణంలో వదిలే సుడి ఆకృతి నానోకెల్విన్లలో చెప్పుకోవాల్సినంత చిన్నది. మరోవైపు టెలిస్కోపు నిలబడ్డ నేల ఉష్ణోగ్రత దాదాపు 270 కెల్విన్. చూపు దిశలో కాకుండా పక్కల నుంచి, సైడ్‌లోబ్‌ల గుండా, నేల వేడిలో పదిలక్షల్లో ఒక్క వంతు లోపలికి చేరినా అది 270 మైక్రోకెల్విన్లు. వెతికే సంకేతాన్ని పూర్తిగా ముంచేస్తుంది. అందుకే మా జీవితంలో ఎక్కువ భాగం ఆకాశం కానిదాన్ని తొలగించడంతోనే గడుస్తుంది.

నా పీహెచ్‌డీలో చాలా ఏళ్లు ఒక క్రయోస్టాట్ చుట్టూ తిరిగాయి. బయట గది ఉష్ణోగ్రతలో ఒక డొల్ల, దానిలోపల 50 కెల్విన్ల దశ, ఆ లోపల 4 కెల్విన్లు, అట్టడుగున డిటెక్టర్లుండే చోట కెల్విన్‌లో పదో వంతు. పల్స్ ట్యూబ్ కూలర్ 4 కెల్విన్ల దాకా దించుతుంది. అక్కడి నుంచి కెల్విన్‌లో మూడో వంతు దాకా హీలియం-3 ఫ్రిజ్ చాలు, పదో వంతుకు దిగాలంటే హీలియం రెండు ఐసోటోపుల మిశ్రమంతో నడిచే డైల్యూషన్ ఫ్రిజ్ కావాలి. పెద్ద క్రయోస్టాట్ చల్లబడడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మళ్లీ తెరవాలంటే వేడెక్కేదాకా ఆగాలి. అందుకని మూత బిగించేముందు ప్రతి వైరూ తెగలేదని, ఎక్కడా షార్ట్ కాలేదని మీటర్‌తో చూసుకోవడం మాకు అలవాటుగా మారిపోతుంది. వాక్యూమ్ నిలవకపోతే లీక్ డిటెక్టర్ తగిలించి, ఒక్కో అతుకు దగ్గర సన్నగా హీలియం ఊదుతూ వెతుకుతాం. పైనుంచి మొదలుపెట్టాలి. హీలియం పైకి పోతుంది కాబట్టి కింద నుంచి మొదలుపెడితే పైన ఉన్న లీకు కింద ఉన్నట్టు మోసం చేస్తుంది.

ఒకసారి మా లోపలి దశ ఉండాల్సిన ఉష్ణోగ్రతకు ఎంతకీ దిగలేదు. తెరిచి చూస్తే వారాలు పోతాయి. తెరవకుండానే తెలుసుకోవాలి. ఒక్కో దశ మీద ఉన్న హీటర్‌కి కొద్దిగా కరెంటు ఇచ్చి, ఏ దశ వేడెక్కితే ఏ దశ కదులుతోందో, ఎంతసేపటికి కదులుతోందో రాసుకున్నాం. ఉష్ణవాహకత లెక్కలతో పోల్చి చూస్తే, రెండు దశల మధ్య ఉండకూడని దారి ఒకటి ఉందని, దాని వాహకత ఒక పలుచని మైలార్ (ప్లాస్టిక్) పొర తాకినంత ఉంటుందని తేలింది. తెరిచాక ఇన్సులేషన్ దుప్పటి అంచు ఒకటి పక్క దశకు ఆనుకుని కనబడింది. ఘనస్థితి భౌతికశాస్త్రం క్లాసులో కంఠస్థం చేసిన ఉష్ణవాహకత నాకు నిజంగా అర్థమైంది ఆ వారంలోనే. ఇదే ఫిజిక్స్ అండీ. కనబడని వస్తువు గురించి కొలతల ద్వారా తర్కించడం. క్రయోస్టాట్ లోపల చేసినా, 1380 కోట్ల ఏళ్ల వెనక్కి చూస్తూ చేసినా పద్ధతి అదే.

డిజైన్‌లో నాకు ఇష్టమైన భాగం కిటికీ. కాంతి లోపలికి రావాలంటే క్రయోస్టాట్‌కి ఒక ప్లాస్టిక్ కిటికీ ఉండాలి, సాధారణంగా పాలిథిలిన్‌ది. 70 సెంటీమీటర్ల వ్యాసం ఉంటే సముద్రమట్టం దగ్గర దానిమీద గాలి ఒత్తిడి దాదాపు 4 టన్నుల బరువంత. పగలకుండా ఉండాలంటే మందంగా ఉండాలి. కానీ గది ఉష్ణోగ్రతలో ఉన్న ప్లాస్టిక్ తానే మిల్లీమీటర్ తరంగాలు వెదజల్లుతుంది. మందం పెరిగితే నాయిస్ పెరుగుతుంది. ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర ఆగాలి అన్న నిర్ణయం ఆ టెలిస్కోపు చివరికి ఎంత చిన్న గురుత్వ తరంగాన్ని చూడగలదో నేరుగా నిర్ణయిస్తుంది. ఆ లెక్క వేసేది మీలాంటి విద్యార్థులే.

డిటెక్టర్ల గురించి కొంత చెప్పాలి. ఇప్పుడు ఎక్కువగా వాడేవి ట్రాన్సిషన్ ఎడ్జ్ సెన్సర్లు. సూపర్‌కండక్టర్ పొరను, అది మామూలు లోహంగా మారే ఉష్ణోగ్రత అంచున సరిగ్గా నిలబెడతారు. అక్కడ ఏ కొంచెం వేడి తగిలినా నిరోధం బాగా మారుతుంది. దాంతో మారే కరెంటును స్క్విడ్‌లనే అతి సున్నితమైన సూపర్‌కండక్టర్ పరికరాలతో చదువుతారు. ఒక్కో డిటెక్టర్ విడిగా ఎంత బాగుండగలదో దాదాపు అంత బాగానే ఉంటోంది. వచ్చే ఫోటాన్ల సంఖ్యలోని సహజమైన ఒడుదొడుకులే హద్దు. ఆ హద్దును ఏ తెలివీ దాటించలేదు. ఇక మిగిలింది ఎక్కువ డిటెక్టర్లు, ఎక్కువ కాలం. నాయిస్ సగం కావాలంటే డిటెక్టర్లు నాలుగింతలు కావాలి. అందుకే చిలీలోని సైమన్స్ అబ్జర్వేటరీ లాంటి ప్రాజెక్టులు 60,000 డిటెక్టర్ల స్థాయికి వెళ్లాయి. ప్రతి వైరూ చల్లటి భాగానికి వేడి మోసుకొస్తుంది కాబట్టి ఒక్కోదానికి ఒక్కో వైరు లాగడం అసాధ్యం. వందల డిటెక్టర్లను ఒకే తీగ మీద చదివే మల్టీప్లెక్సింగ్ అందుకే పుట్టింది. మీ కెరీర్ స్వరూపాన్ని కూడా ఈ వర్గమూలపు లెక్కే మార్చేసింది. నలుగురైదుగురు కలిసి బెలూన్ ఎగరేసిన రోజులు తగ్గి, వందలమంది పేర్లున్న పేపర్ల కాలం వచ్చింది.

టెలిస్కోపులు ఎక్కడ కడతారో కూడా ఫిజిక్సే నిర్ణయిస్తుంది. గాలిలోని నీటి ఆవిరి మిల్లీమీటర్ తరంగాలను మింగేసి, తన వేడిని వెదజల్లుతుంది. 22, 183 గిగాహెర్ట్జ్ దగ్గర నీటివి, 60, 118 దగ్గర ఆక్సిజన్‌వి శోషణ రేఖలున్నాయి. వాటి సందుల్లోంచి, అంటే 90, 150, 220 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల చూస్తాం. పొడిగాలి కోసం దక్షిణ ధ్రువానికిగానీ, చిలీలోని అటకామా ఎడారిలో 5,000 మీటర్ల పైకిగానీ వెళ్లాలి. నేను అటకామాలో పనిచేశాను. అక్కడ గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో సగానికి కాస్త ఎక్కువ. కింద ఊళ్లో పడుకుని పొద్దున్నే పైకి వెళ్తాం, ఆక్సిజన్ పెట్టుకుని పనిచేస్తాం. పైన బుర్ర నెమ్మదిస్తుంది, అందుకే చేయాల్సిన ప్రతి మెట్టూ ముందే కాగితం మీద రాసుకుని వెళ్తాం. దక్షిణ ధ్రువంలో చలికాలం ఉండిపోయేవాళ్లకి ఫిబ్రవరి నుంచి నెలల తరబడి విమానాలు రావు. కుటుంబ పరిస్థితులు, ఆరోగ్యం చూసుకుని నిర్ణయించుకోవాల్సిన విషయమిది. ఒక్కసారి కూడా సైట్‌కి వెళ్లకుండా ఇదే రంగంలో గొప్ప పని చేసినవాళ్లూ ఉన్నారు.

డేటా మొదలయ్యాక అనుమానించే పని ఇంకో రూపంలో సాగుతుంది. టెలిస్కోపును చూపు దిశ అక్షం చుట్టూ తిప్పి మళ్లీ అదే ఆకాశాన్ని చూస్తాం. ధ్రువణం ఆకాశానిదైతే ఆకాశంతో ఉంటుంది, పరికరానిదైతే పరికరంతో పాటు తిరుగుతుంది. ముందు ఒక హాఫ్ వేవ్ ప్లేట్ (ధ్రువణ దిశను తిప్పే పలక) పెట్టి సెకనుకు రెండుసార్లు తిప్పితే, ఆకాశపు ధ్రువణం 8 హెర్ట్జ్ దగ్గరికి మారి, వాతావరణపు నిదానమైన ఊగిసలాటకు దూరంగా వెళ్లిపోతుంది. డేటాను రకరకాలుగా రెండుగా చీల్చి తీసివేసి చూస్తాం. మొదటి సగం, రెండో సగం. ఎడమకు స్కాన్, కుడికి స్కాన్. సూర్యుడు ఉన్నప్పుడు, లేనప్పుడు. తీసివేత సున్నా రావాలి. ఈ నల్ టెస్టులన్నీ దాటేదాకా అసలు ఫలితాన్ని తెరిచి చూడం. ఎందుకంటే జవాబు ముందే కనబడితే ఎక్కడ ఆగాలో మనసు నిర్ణయించేసుకుంటుంది. నల్ టెస్టు ఫెయిలైన రోజు మా బృందంలో అందరూ ఉత్సాహంగా ఉండడం కొత్తవాళ్లకి వింతగా ఉంటుంది. కానీ ఆ రోజు మాకు పరికరం గురించి ఒక కొత్త సంగతి తెలుస్తుంది కదా.

పరికరం సరిగ్గా ఉన్నా చాలదని చూపించింది బైసెప్2 అనే టెలిస్కోపు. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం నుంచి 150 గిగాహెర్ట్జ్ దగ్గర సుడి ధ్రువణాన్ని చూశామని ప్రకటించారు. వాళ్లు కొలిచింది నిజంగానే ఆకాశంలో ఉంది. అయితే మన గెలాక్సీలోని ధూళి కూడా అలాంటి ధ్రువణాన్నే ఇస్తుంది. ఒకే పౌనఃపున్యంతో రెంటినీ విడదీయడం కుదరదు. ఇదే వికిరణాన్ని ఎన్నో పౌనఃపున్యాల్లో కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం వాళ్లతో కలిసి 2015లో చేసిన విశ్లేషణలో గురుత్వ తరంగాలకు ఆధారం నిలవలేదు. అదే బృందం మరిన్ని పౌనఃపున్యాలు చేర్చుకుని 2021 నాటికి ప్రపంచంలోనే గట్టి హద్దు పెట్టింది. నాకు ఆ రెండో భాగమే ఎక్కువ ఇష్టం, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఇలాంటిదే ఇంకోటి, వేరే తరంగదైర్ఘ్యంలో. తొలి నక్షత్రాల కాలపు హైడ్రోజన్ సంకేతం 78 మెగాహెర్ట్జ్ దగ్గర కనబడిందని 2018లో ఆస్ట్రేలియాలోని ఎడ్జెస్ ప్రయోగం చెప్పింది. బెంగళూరులోని రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు సారస్ అనే యాంటెన్నాతో దాన్ని పరీక్షించారు. నేలలోని రాళ్లు, పొరలు యాంటెన్నా స్పందనను అంతుపట్టకుండా మారుస్తాయి కాబట్టి, దాన్ని తెప్ప మీద పెట్టి చెరువు మధ్యలో తేల్చారు. నీరు అంతటా ఒకేలా ఉంటుంది, దాని స్పందన లెక్కించవచ్చు. 2020లో కర్ణాటకలో దండిగానహళ్లి చెరువులో, శరావతి బ్యాక్‌వాటర్స్‌లో కొలిచి, ఎడ్జెస్ చెప్పిన ఆకృతి తమకు కనబడలేదని 2022లో ప్రచురించారు. యాంటెన్నాను నీటి మీద పెట్టాలన్న ఆలోచన ఒక్కటి చాలు, ఇందులో ఇంజినీరు ఎవరు, ఫిజిసిస్టు ఎవరు అని గీత గీయలేమని తెలియడానికి.

ఇక కష్టాలు. పరికరాల మీద పనిచేసే విద్యార్థులకి పేపర్లు ఆలస్యంగా వస్తాయి. డేటా మీద మాత్రమే పనిచేసే మీ స్నేహితుడు మూడు రాసేలోపు మీది ఒక పరికర వివరణ పత్రం వస్తుంది. పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) ఎంపికల్లో దీన్ని అర్థం చేసుకునేవాళ్లు ఉంటారు, చేసుకోనివాళ్లూ ఉంటారు. నిధులు ఆగితే టెలిస్కోపు ఆగుతుంది, దాంతోపాటు మీ థీసిస్ దిశ మారుతుంది. ఇది అన్యాయమే, నాకు దీనిమీద కోపం కూడా ఉంది. ఈ రంగం ఎవరి చేతుల మీద నిలబడిందో వాళ్లకే ఎక్కువ అనిశ్చితి. నేను చెప్పగలిగిన ఉపాయం ఒక్కటే: పీహెచ్‌డీలో ఒక పరికర భాగాన్ని మొదటి డ్రాయింగ్ నుంచి ఆకాశం దాకా మీరే తీసుకెళ్లండి, దాంతోపాటు ఒక సైన్స్ ఫలితంలో పేరు కాకుండా పనే ఉండేలా చూసుకోండి. రెండూ ఉన్నవాళ్లని ఎవరూ తేలిగ్గా కాదనలేరు. ఫ్యాకల్టీ పోస్టులు కాకుండా జాతీయ ప్రయోగశాలల్లో పరికర శాస్త్రవేత్తల ఉద్యోగాలుంటాయి. అమెరికాలో ఎన్ఐఎస్‌టీ, ఆర్గాన్, జేపీఎల్ లాంటి ప్రయోగశాలల్లో డిటెక్టర్లే తయారవుతాయి. క్వాంటం కంప్యూటర్ల ల్యాబుల్లో వాడే డైల్యూషన్ ఫ్రిజ్‌లు, మైక్రోవేవ్ వైరింగ్ మావాటికి దగ్గరి చుట్టాలే కాబట్టి అటు వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు మీరు చేయగలిగినవి కొన్ని. ల్యాబ్ కోర్సులో లాక్-ఇన్ యాంప్లిఫయర్ (నాయిస్‌లోంచి చిన్న సంకేతాన్ని బయటికి తీసే పరికరం) దొరికితే దాంతో వారం రోజులు కూర్చోండి. నాయిస్ వర్ణపటం గీయడం, అందులో ఏ గీత కరెంటు లైనుది, ఏది పంపుది అని కనిపెట్టడం అలవాటు చేసుకోండి. పైథాన్ కావాలి, ఒక క్యాడ్ సాఫ్ట్‌వేర్ కొద్దిగానైనా కావాలి. గణాంకశాస్త్రం బాగా కావాలి, విద్యార్థులు ఎక్కువగా వదిలేసేది దాన్నే. ప్లాంక్ పటాలు ఎవరైనా దింపుకోవచ్చు. వాటితో ఒక పవర్ స్పెక్ట్రమ్ (ఏ కోణపు పరిమాణంలో హెచ్చుతగ్గులు ఎంత ఉన్నాయో చూపే గ్రాఫ్) లెక్కించి, మొదటి శిఖరం ఒక డిగ్రీ కోణం దగ్గర మీ స్క్రీన్ మీద లేచేదాకా వదలొద్దు.

గ్రూపుల్ని ఎంచుకునేటప్పుడు ప్రొఫెసర్‌తో కన్నా అక్కడి మూడో, నాలుగో ఏడాది విద్యార్థులతో ఎక్కువసేపు మాట్లాడండి. క్రయోస్టాట్ తెరిచేటప్పుడు చేతులు పెట్టేది ఎవరు, కొలతల్లో ఏదైనా తేడా వస్తే మీటింగ్‌లో దాని గురించి మొదట మాట్లాడేది ఎవరు అని అడగండి. రెండింటికీ జవాబు విద్యార్థులే అయితే ఆ గ్రూపుకి దరఖాస్తు పెట్టండి.